చేవ పుచ్చిన మోడులో ఒక ఈగ

బ్రిటన్‌లోని అతి అరుదైన ఈగల్లో ఒకటి పుచ్చిపోయిన పైన్ మోడుల్లో పుడుతుంది. ఏడాదిలో ఎక్కువ భాగం దానికి రెక్కలు ఉండవు. చెట్టు నడిబొడ్డున చేవ కుళ్లి గుంటపడిన చోట, వాననీళ్లు నిలిచి ముదురు గోధుమరంగుకు తిరిగిన మడుగులో పురుగుగా బతుకుతుంది. ఈగగా గాలిలో తిరిగేది కొద్ది వారాలే. దాన్ని పైన్ హోవర్‌ఫ్లై అంటారు. శాస్త్రీయ నామం బ్లెరా ఫాలాక్స్. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పేరు పెట్టి వర్ణించిన వేలాది జీవుల్లో ఇదీ ఒకటి. స్కాండినేవియాలోనూ, మధ్య ఐరోపా కొండల్లోనూ, రష్యా అడవుల్లోనూ ఇప్పటికీ కనిపిస్తుంది. బ్రిటన్‌లో మాత్రం గత శతాబ్దం చివరికి దాని జాడ స్కాట్లండ్‌లోని స్పే నది లోయలో కొద్దిపాటి చోట్లకే కుదించుకుపోయింది.

ఆ లోయకు గంటలోపు ప్రయాణ దూరంలో, ఇన్వర్నెస్‌లో మేము ఉంటున్నాం. నీటి నమూనాలను పరీక్షించే ప్రయోగశాలలో నా ఉద్యోగం. సెలవు రోజుల్లో వీలైనప్పుడల్లా కెయిర్న్‌గార్మ్స్ కొండల అడవులకు వెళ్లి, ఈ ఈగ కోసం పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలతో కలుస్తాను. ఇంత పెద్ద అడవిలో, ఇన్ని అందమైన పక్షులుండగా, ఈగ మీద మనసు పడడమేమిటని చాలామంది స్నేహితులు అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

హోవర్‌ఫ్లైలు మనకు కొత్త కాదు. ధనియాల చేను, ఆవాల చేను పూతకొచ్చినప్పుడు గట్టు మీద నిలబడి చూస్తే, పసుపు నలుపు చారలతో తేనెటీగను పోలిన చిన్న ఈగలు గాలిలో ఒకేచోట కదలకుండా నిలిచి, చటుక్కున పక్కకు జరిగి, మళ్లీ నిలిచి కనిపిస్తాయి. అవే ఇవి. కుట్టవు, కరవవు. తేనెటీగకు నాలుగు రెక్కలుంటే వీటికి రెండే. వేషం మాత్రం కందిరీగదో తేనెటీగదో వేసుకుంటాయి, పక్షులు భయపడి వదిలేస్తాయని. ప్రపంచంలో సుమారు 6,000 జాతులున్నాయి. పెద్దయ్యాక దాదాపు అన్నీ పూల మీదే బతుకుతాయి. తేడా అంతా చిన్నప్పుడే. మన చేలల్లో కనిపించే చాలా రకాల పిల్లపురుగులు పేనుబంకను తిని రైతుకు మేలు చేస్తాయి. కొన్ని జాతుల పురుగులు చీమల పుట్టల్లో, కొన్ని కందిరీగల గూళ్లలో, కొన్ని మురుగుగుంటల్లో పెరుగుతాయి. చెట్ల మీదే, అదీ చచ్చిన, చస్తున్న చెట్ల మీదే ఆధారపడినవి మరికొన్ని. పైన్ హోవర్‌ఫ్లై ఈ చివరి గుంపులోది. అందులోనూ దాని కోరిక చాలా ఇరుకు.

ఆ కోరిక ఏమిటో అర్థం కావాలంటే ముందు చెట్టును చూడాలి. మా నాన్న వడ్రంగి. ఏలూరు దగ్గర మా పల్లెలో ద్వారబంధాలు, తలుపులు, బళ్లు చేసేవారు. దుంగను అడ్డంగా కోయగానే మధ్యలో ముదురు రంగులో ఉండే చేవను, చుట్టూ ఉండే తెల్లచెక్కను చేత్తో తడిమి చూపించేవారు. చేవ గట్టిది, పురుగు తొందరగా పట్టదు, ద్వారబంధానికి అదే కావాలి. తెల్లచెక్క మెత్తన, నాలుగేళ్లలో పుచ్చిపోతుంది. నేను పెరిగిన లెక్క ఇది. స్పే లోయలోని ముసలి స్కాట్స్ పైన్ మోడుల్లో ఈ లెక్క తిరగబడి ఉంటుంది. అంచు గట్టిగా ఉండి, మధ్యలో చేవ కుళ్లిపోయి ఉంటుంది.

కారణం ఒక బూజు. ఫియోలస్ ష్వైనిట్జీ అనే ఈ పుట్టగొడుగు జాతి బతికున్న ముసలి పైన్ చెట్టులోకి వేళ్ల నుంచి, మొదలు దగ్గర నుంచి ప్రవేశించి లోపలి చేవను నెమ్మదిగా తింటుంది. కలపలో సెల్యులోజు పోయి, గోధుమరంగు ముక్కలుగా చిట్లే పొడి మిగులుతుంది. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది. వేసవి చివర్లో చెట్టు మొదట్లో పసుపు అంచుతో, వెల్వెట్ నునుపుతో పుట్టగొడుగు పైకి వచ్చినప్పుడు గాని లోపల ఏం జరుగుతోందో బయటికి తెలియదు. దాంతో ఉన్నికి పసుపు రంగు అద్దేవాళ్లు కూడా ఉన్నారు. ఆ చెట్టు ఎప్పుడో ఒక గాలివానకు మొదట్లో విరుగుతుంది, లేదా ఎవరో నరుకుతారు. మిగిలిన మోడులో గట్టి అంచు గోడగా నిలుస్తుంది, మెత్తబడిన నడుము గుంటగా దిగుతుంది. వాన పడుతుంది, నీళ్లు నిలుస్తాయి, పొట్టు నానుతుంది, బాక్టీరియా, ఈస్టు పుడతాయి. అప్పటికి గాని అది పైన్ హోవర్‌ఫ్లైకి ఇల్లు కాదు. సన్నటి మోడులో నీళ్లు నిలవవు, త్వరగా ఎండుతుంది. మోడు అడుగున్నరకు తగ్గకుండా లావు ఉంటేనే లోపల తడి ఆరకుండా ఉంటుంది. అంత లావైన చెట్టు, పైగా చేవ కుళ్లేంత వయసున్న చెట్టు కావాలంటే వంద, నూట యాభై ఏళ్లు పట్టవచ్చు.

ఇక పురుగు సంగతి. నా ఉద్యోగం వల్లనేమో, ఈ భాగమే నాకు అన్నిటికన్నా ఇష్టం. ఆ మడుగు నీటిలో ప్రాణవాయువు చాలా తక్కువ. కుళ్లుతున్న ప్రతిదీ దాన్ని వాడేసుకుంటుంది. ఈ పురుగుకు తోక చివర ఒక శ్వాసనాళం ఉంటుంది. పొట్టులో మునిగి తింటూనే ఆ నాళం కొసను నీటి మట్టానికి తాకించి పైగాలిని పీల్చుకుంటుంది. అందుకే నీళ్లు పాడైనా దానికి చింత లేదు. తినేది చెక్కను కాదు, చెక్క మీద పెరిగే సూక్ష్మజీవులను. గొంతులో సన్నటి గాట్ల వరుస ఉంటుంది. నీళ్లను లోపలికి లాగి, ఆ గాట్ల మధ్య బాక్టీరియాను వడపోసుకుని, మిగతా నీటిని బయటికి వదులుతుంది. మేము ప్రయోగశాలలో వడపోత కాగితం మీద ఏ జీవులను లెక్కపెడతామో అవే దానికి రోజంతా భోజనం. పుట్టినప్పటి నుంచి రెండుసార్లు చర్మం వదిలి, మూడు దశల్లో పెరుగుతుంది. ఎదిగాక సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ పొడవుండే తెల్లటి పురుగు అవుతుంది.

ఏడాది ఎలా తిరుగుతుందంటే, మే చివర, జూన్‌లలో ఈగలు బయటికి వస్తాయి. జతకూడాక ఆడ ఈగ తడి పొట్టు ఉన్న మోడును వెతుక్కుని, గుంట అంచుల్లోనూ పగుళ్లలోనూ గుడ్లు పెడుతుంది. పొదిగిన పురుగులు వేసవి, శరదృతువు అంతా తిని పెరుగుతాయి. చలికాలంలో ఆ గుంట పైభాగం గడ్డకడుతుంది, ఆపైన మంచు కప్పుకుంటుంది. పురుగులు లోపలే, పొట్టు అడుగున, కదలిక తగ్గించుకుని ఉండిపోతాయి. వసంతంలో ఎదిగినవి తడి వదిలి, గుంట అంచున ఉండే నాచులోకో పొడి పొట్టులోకో పాకి, తమ ఆఖరి చర్మాన్నే గట్టి పెంకుగా మార్చుకుని అందులో ప్యూపాగా, అంటే పురుగుకూ ఈగకూ మధ్య దశగా మారతాయి. కొన్ని వారాల తర్వాత పెంకు మూత తెరుచుకుని రెక్కల ఈగ బయటికి వస్తుంది.

ఇందులో నన్ను కట్టిపడేసిన విషయం ఒకటుంది. ఒకే మోడులో, ఒకేసారి పుట్టిన తోబుట్టువుల్లో కొన్ని ఏడాదికే ఈగలవుతాయి, మరికొన్ని రెండో ఏడాది దాకా పురుగులుగానే ఉండిపోతాయి. స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో ఎలీ రోథరే ఈ ఈగ మీద చేసిన పరిశోధనలో ఇది బాగా తేలింది. మోడులో తిండి ఎంత ఉంటుందో, ఏ వేసవి ఎండిపోతుందో, ఏ జూన్ అంతా ముసురు పట్టి ఈగలు ఎగరలేకపోతాయో ముందుగా తెలియదు. సంతానమంతా ఒకే ఏడాది బయటికి వస్తే, ఆ ఏడాది చెడితే వంశమే పోతుంది. కొన్ని వెనక ఉండిపోతే ఒక చెడ్డ ఏడాదిని దాటగలవు. దీన్ని ఈగ ఆలోచించి చేస్తుందని అనను. కానీ వేల ఏళ్లుగా ఇలా విడిపోయిన కుటుంబాల పిల్లలే మిగిలి ఉంటారు.

పెద్ద ఈగ సుమారు సెంటీమీటరు ఉంటుంది. నల్లటి ఒళ్లు, పొట్ట చివర్లో మాత్రం నిప్పు రంగు. ఒక్కసారి చూస్తే మర్చిపోలేని రంగు అది. రోవన్ చెట్టు పూలు, అడవి రాస్ప్‌బెర్రీ పూల మీదకు మకరందం కోసం, పుప్పొడి కోసం వస్తుందని పుస్తకాల్లో ఉంది. కానీ అడవిలో దాన్ని చూసినవాళ్లు చాలా తక్కువ. ఈగ ఎగిరేది మన తల పైన ఎక్కడో. ఎండ కాస్తేనే కదులుతుంది. స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న ఈ కొండసీమలో, హైలాండ్స్‌లో, జూన్ నెల ఎండ నమ్మదగినది కాదు. అందుకే ఈ జాతి గురించి తెలిసినదంతా చాలా వరకు పురుగులను వెతకడం వల్లనే తెలిసింది. దానికి దారి చూపినవారు గ్రాహం రోథరే, ఇయాన్ మాక్‌గోవన్, వాళ్లతో కలిసి పనిచేసిన మాలోక్ సొసైటీ సభ్యులు. ఈగల మీద ఆసక్తి ఉన్న కొద్దిమంది స్కాట్లండ్‌లో కూడగట్టుకున్న చిన్న బృందం అది. వలలు పట్టుకుని ఈగల వెంట పరుగెత్తే అలవాటును పక్కన పెట్టి, వాళ్లు మోకాళ్ల మీద కూర్చుని మోడుల్లోని పొట్టును చెంచాలతో తీసి చూశారు. ఈగ ఎక్కడ కనిపించింది అనే ప్రశ్న స్థానంలో అది ఎక్కడ పెరుగుతుంది అనే ప్రశ్న వేసినవాళ్లు వాళ్లే. నా దృష్టిలో ఈ ఈగకు జరిగిన అతి పెద్ద మేలు అది. పూలు పుష్కలంగానే ఉన్నాయని, లేనిది పుచ్చిన పెద్ద మోడులని దాంతో తెలిసింది.

ఎందుకు లేకుండా పోయాయి? కెలడోనియన్ అడవి అని పిలిచే ఆ పాత పైన్ అడవి ఒకప్పుడు హైలాండ్స్‌లో విస్తారంగా ఉండేది. ఇప్పుడు అధికారిక జాబితాలో మిగిలినవి 84 తునకలు. స్పే లోయలోని అబెర్నెథీ అడవిలో 18వ శతాబ్దంలో యార్క్ బిల్డింగ్స్ కంపెనీ పెద్ద ఎత్తున చెట్లు కొని నరికించింది. దుంగలను తెప్పలుగా కట్టి స్పే నదిలో సముద్రం దాకా తేల్చి పంపేవారు. గోదావరి మీద టేకు, వెదురు తెప్పలు రాజమండ్రికి దిగిన కథలు విని పెరిగినదాన్ని కాబట్టి ఆ నది ఒడ్డున నిలబడినప్పుడు ఆ దృశ్యం ఊహించడం నాకు కష్టం కాలేదు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ కలప కోసం కెనడా నుంచి అటవీ దళాలు వచ్చి ఈ లోయలోనే గుడారాలు వేసుకుని నరికాయి. నరికిన చోట మొలకలు రాలేదా అంటే వచ్చాయి. కానీ వేట కోసం పెంచి పోషించిన రెడ్ డీర్ అనే జింకల మందలు వాటిని మేసేశాయి. తర్వాత నాటిన తోటలు కలప కోసం నాటినవి. వాటిలో చెట్టును అరవై, ఎనభై ఏళ్లకు, చేవ ఇంకా గట్టిగా ఉండగానే కోసేస్తారు. ముసలితనం రానివ్వని అడవి అది. చచ్చిన చెట్టును, విరిగిన కొమ్మను చెత్తగా చూసి తీసేసే అలవాటు కూడా తోడైంది. మధ్యలో ఒక తరం చెట్లు దాదాపు లేకుండా పోయాయి. ఈ లోయలోనే ఉన్న రాథీమర్కస్ అడవిలో 300 ఏళ్లు దాటిన చెట్లు కొన్ని ఉన్నాయి, చిన్నవి బోలెడున్నాయి. ఆ రెంటి మధ్య పుచ్చవలసిన వయసులో ఉండవలసినవే తక్కువ.

ఇదంతా, ఇప్పుడు మనుషులే మోడుల్లో గుంటలు కోస్తున్న సంగతితో సహా, ఒక ఆదివారం ఫోనులో నాన్నకు చెప్పాను. ఆయన కాసేపు విని, "చేవ పోయిన చెట్టు కట్టెలకు తప్ప దేనికి పనికొస్తుందమ్మా?" అన్నారు.

"పురుగు పెరగడానికి పనికొస్తుంది నాన్నా."

"పురుగు పట్టకుండా చూసుకోవడమే కదా మా పని అంతా!" అన్నారు. తర్వాత మాత్రం నేను ఊహించని ప్రశ్నలు వేశారు. మోడు మీద ఎండ పడుతుందా? గుంట కోస్తే అడుగున చెక్క పగలదా? నీళ్లు నిలువు పోగుల వెంట వేళ్లలోకి దిగిపోవా? కప్పు లేకపోతే ఎండాకాలం ఎన్నాళ్లు తడి ఉంటుంది? నిజంగా ఈ పనిలో ఉన్నవాళ్లు రోజూ తలపట్టుకునే ప్రశ్నలు అవే. ఈగ గురించి ఒక్క ముక్క తెలియకపోయినా, చెక్క తెలిసినవాడికి దాని కష్టం వెంటనే తెలిసిపోయింది.

సహజంగా మోడులు పుచ్చేదాకా ఆగే వ్యవధి ఈగకు లేదు కాబట్టి మనుషులే గుంటలు తయారు చేస్తున్నారు. ఇదివరకే కోసిన లావైన పైన్ మోడును ఎంచుకుంటారు. శిక్షణ పొందినవారు మోటారు రంపంతో మధ్యలో నిలువుగా కోతలు పెట్టి, ముక్కలు తవ్వి తీసి గుంట చేస్తారు. అందులో పైన్ పొట్టు, చెక్కపేళ్లు కూరి, నీళ్లు పోసి, మీద చెక్క మూత వేస్తారు. మూత ఎండకు నీళ్లు ఆరిపోకుండా కాపాడుతుంది, ఈగ దూరడానికి సందు మాత్రం వదులుతారు. రంపం పట్టే అనుమతి నాకు లేదు. మా పని పొట్టు మోయడం, బకెట్లతో వాగు నీళ్లు తేవడం, మూతలు సరిచూడడం, శరదృతువులో వెళ్లి పురుగులున్నాయేమో చూడడం. చూడడమంటే, గుంటలోని పొట్టును కొంచెం కొంచెంగా తెల్లటి పళ్లెంలోకి తీసి, వేళ్లతో విడదీస్తూ వెతకడం. పళ్లెంలో ఇతర జాతుల పురుగులు కూడా వస్తాయి. వాటి శ్వాసనాళం పొడవును, రంగును, ఒంటి మీది ముళ్లను చూసి ఏ జాతిదో చెబుతారు. మాతో వచ్చే ఒక పెద్దావిడ, బడిలో పిల్లలకు చదువు చెప్పి పదవీ విరమణ చేసిన మనిషి, కంటికి దగ్గరగా పెట్టుకునే చిన్న భూతద్దంతో ఒక్క చూపులో తేల్చేస్తుంది. చూసినది మళ్లీ అదే గుంటలోకి, అదే లోతుకు పెట్టాలి. ఆ నియమం విషయంలో ఆవిడ ఎవరినీ క్షమించదు, నాకు ఆవిడలో నచ్చేది అదే.

గుంటలు చేసినంత మాత్రాన ఈగలు ఎక్కడి నుంచి వస్తాయి? మిగిలిన చోట్ల నుంచి కొత్త అడవికి అవి తమంతట తాము చేరుకోలేవు. పైగా స్కాట్లండ్‌లో మిగిలినవాటిలో జన్యు వైవిధ్యం తక్కువని 2012లో వచ్చిన అధ్యయనం చూపింది. కొద్ది కుటుంబాల సంతతే అన్నిచోట్లా తిరుగుతోంది. అందుకని కింక్రెయిగ్ దగ్గరున్న హైలాండ్ వైల్డ్‌లైఫ్ పార్కులో వీటిని పెంచుతున్నారు. హిమచిరుతలు, తెల్ల ఎలుగుబంట్లు ఉన్న జంతుప్రదర్శనశాల అది. సందర్శకులు వాటి కోసమే వస్తారు. వాటికి దూరంగా ఒక చిన్న గదిలో, పైన్ పొట్టు, వాననీళ్లు నింపిన జాము సీసాల్లో ఈ పురుగులు పెరుగుతాయి. వరుసగా పేర్చి, మూతల మీద తేదీలు రాసి ఉన్న ఆ సీసాలు మా ఇంట్లో ఆవకాయ జాడీల అటకను గుర్తుకు తెచ్చాయి. పురుగు దశ సులువే, పొట్టు తడిగా ఉంచితే చాలు. కష్టమంతా ఈగ దశలో. పెద్ద ఈగలకు వలగదుల్లో తగినంత వెలుతురు, పూలు, గాలి, ఒకదాన్నొకటి కలుసుకునే పరిస్థితి అమరాలి. అది కుదిరాక సంఖ్య వేలల్లోకి పెరిగింది. అక్కడి నుంచి పురుగులను ముందే తయారు చేసి ఉంచిన అటవీ మోడుల్లోకి వదులుతున్నారు.

వదిలే రోజున నేనూ ఒకసారి ఉన్నాను. సీసాలోని పొట్టును పురుగులతో సహా మోడు గుంటలోకి వంచి, మూత వేసి, సంఖ్య రాసుకుని, పక్క మోడుకు వెళ్లడమే పని. చప్పట్లు లేవు, కెమెరాలు లేవు. పార్కు మనిషి ఒకావిడ ఖాళీ సీసాను వాననీళ్లతో కడిగి, ఆ కడిగిన నీళ్లను కూడా గుంటలోనే పోసింది, ఒక్క పురుగు కూడా సీసాకు అంటుకుని ఉండిపోకూడదని.

ఈ లోయలోనే ఇంకో జాతి ఉంది, దాని గురించి చెప్పకుండా వదలలేను. ఆస్పెన్ హోవర్‌ఫ్లై, హామర్‌ష్మిటియా ఫెరుజీనియా. పైన్ హోవర్‌ఫ్లైకి చేవలోని మడుగు కావాలి, దీనికి బెరడు కింది తడి కావాలి. ఆస్పెన్ చెట్టు గాని, దాని లావైన కొమ్మ గాని పడిపోయాక బెరడుకు చెక్కకు మధ్య పొర పులిసి జిగటగా మారుతుంది. ఆ సన్నటి పొరలోనే దీని పురుగులు పెరుగుతాయి. ఆ తడి కొన్నేళ్లే ఉంటుంది, తర్వాత బెరడు ఎండి ఊడిపోతుంది. అంటే ఈ ఈగ బతకాలంటే దాని అందుబాటులో ఒక ఆస్పెన్ ఏదో ఒకటి కొత్తగా పడుతూనే ఉండాలి. నాలుగు చెట్ల గుంపులో అది జరగదు. కొన్ని హెక్టార్ల పెద్ద ఆస్పెన్ వనంలోనే జరుగుతుంది, అటువంటి వనాలు హైలాండ్స్‌లో బహు కొద్ది. ఒంటి మీద చిన్న గుర్తులు పెట్టి వదిలిన ఈగలను తిరిగి వెతికితే, చాలావరకు ఒక కిలోమీటరు లోపే దొరికాయి, దూరం వెళ్లినది ఐదు కిలోమీటర్ల దాకా వెళ్లింది. పక్క వనం అంతకన్నా దూరంలో ఉంటే అది వేరే దేశంతో సమానం. ఒకే లోయలో, ఒకే కుటుంబంలోని రెండు ఈగలు. ఒకదానికి చెట్టు లోపల కుళ్లాలి, ఇంకొకదానికి బెరడు కింద పులియాలి. అడవిని కాపాడతాం అని ఒక్క మాటలో చెప్పేస్తే ఈ రెండింటిలో ఏదీ బతకదు. ఏ చెట్టు, ఏ వయసు, ఏ చావు అని అడగాలి.

మోటారు రంపంతో కోసే గుంటల మీద నా అభిప్రాయం కూడా చెప్పాలి. అవి అవసరం, నేను వాటికోసమే బకెట్లు మోస్తున్నాను. కానీ ఒక కోసిన గుంట కొన్నేళ్లకు కుంగి, అంచులు కూలి, నీళ్లు నిలవకుండా పోతుంది. మళ్లీ ఇంకో మోడు, ఇంకో కోత. మనుషులు ఏటా వచ్చి నీళ్లు పోస్తే తప్ప బతకని జాతిగా ఇది మిగిలిపోకూడదు. అందుకే కెయిర్న్‌గార్మ్స్ కనెక్ట్ అనే ఉమ్మడి కార్యక్రమం నాకు ఎక్కువ ఆశ కలిగిస్తుంది. అటవీ శాఖ, ప్రకృతి సంరక్షణ సంస్థలు, ఒక ప్రైవేటు ఎస్టేటు కలిసి సుమారు 600 చదరపు కిలోమీటర్ల భూమికి 200 ఏళ్ల ప్రణాళిక వేసుకున్నాయి. జింకల సంఖ్య తగ్గించి మొలకలను పెరగనిస్తున్నారు. తోటగా నాటిన చోట్ల కొన్ని చెట్లను కప్పీలతో, గొలుసులతో వేళ్లతో సహా లాగి పడేస్తున్నారు, కొన్నింటికి చుట్టూ బెరడు ఒలిచి నిలబెట్టే చంపుతున్నారు. ఆరోగ్యంగా ఉన్న చెట్టును కావాలని పడగొట్టడం మొదటిసారి చూసినప్పుడు మనసు ఒప్పుకోదు. అడవిలో చావు కూడా తగినంత ఉండాలని నాకు అర్థమైంది ఆ లాగిన చెట్టు వేళ్ల గుంటలో చేరిన జీవాలను మరుసటి ఏడాది చూశాకే. ఫియోలస్ బూజు పైన్ చేవను తినడం మొదలుపెట్టాలి, గాలి ఒక ముసలి చెట్టును విరవాలి, మోడులో వాన నిలవాలి. ఈ మూడూ ఎవరి సాయమూ లేకుండా జరిగే చోటు పెరిగేదాకా రంపం పని ఆగకూడదు.

వేసవిలో బంధువులను, పిల్లలను తీసుకుని స్పే లోయలోని ఏవీమోర్ ఊరి వైపు వచ్చే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. జూన్‌లో ఎండ కాసిన, గాలి లేని మధ్యాహ్నం దొరికితే లోక్ గార్టెన్ సరస్సు చుట్టూ ఉన్న దారిలో తెల్లటి రోవన్ పూలగుత్తుల దగ్గర కాసేపు నిలబడండి. నల్లటి ఒంటికి నిప్పు రంగు కొస ఉన్న ఈగ కనిపిస్తే ఫొటో తీసి, తేదీ, చోటు రాసి ఐరికార్డ్ అనే వెబ్‌సైటుకు పంపండి. ఈగల నిపుణులు అక్కడ ప్రతి ఫొటోనూ చూస్తారు. ఫొటో మసకగా వచ్చినా పంపండి, ఆ రంగు మసకలోనూ తెలుస్తుంది. దారి పక్కన చెక్క మూత వేసిన మోడులు కనబడితే వాటి మీద కూర్చోవద్దు, మూత తీసి చూడవద్దు, పిల్లలను కర్రతో కెలకనివ్వవద్దు. మోడు మీది నాచును పీకవద్దు, వసంతంలో ప్యూపాలు ఉండేది అందులోనే. స్కాట్లండ్‌లో ఉంటూ శరదృతువులో మాతో పొట్టు మోయడానికి రావాలనుకునేవాళ్లు కింద వ్యాఖ్యలో రాయండి, తేదీలు చెబుతాను. చేతి తొడుగులు, పళ్లేలు, భూతద్దాలు అక్కడే ఇస్తారు. వాన కోటు, మోకాళ్ల కింద వేసుకోవడానికి ఒక మెత్త, మార్చుకోవడానికి పొడి సాక్సులు మాత్రం మీరే తెచ్చుకోవాలి.